మే నెలలో ఊపితే చప్పుడు రాని సిలిండర్

పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేడమ్‌గారికి నమస్కారం. విజయవాడలో ఫైర్ సిలిండర్లు నింపి సర్వీసింగ్ చేసే షాపులో పద్దెనిమిదేళ్లుగా పని చేస్తున్నాను. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌ని చలికాలం పొద్దున్నే ఎత్తి ఊపితే లోపల ద్రవం కదలడం చేతికి తెలుస్తుంది. అదే సిలిండర్‌ని మే నెల మధ్యాహ్నం ఊపితే ఇనప దిమ్మను ఊపినట్టే ఉంటుంది. మొదట్లో గ్యాస్ కారిపోయిందేమో అనుకునేవాణ్ని. కాటా మీద పెడితే తూకంలో తేడా ఉండదు. ఎండకు లోపలి ద్రవమంతా గ్యాసైపోతుందని మా ఓనరు అంటారు. అంత గ్యాసు అంత చిన్న సిలిండర్లో ఎలా పడుతుంది?

జవాబు: మీ ఉత్తరం చదివాక ఆ మధ్యాహ్నం నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే 1822లో ఫ్రాన్స్‌లో కన్యార్ ద లా తూర్ అనే ఆయన మీరు చేసిన పనే చేశాడు. తుపాకీ గొట్టం లాంటి మందపాటి ఇనప గొట్టంలో ఆల్కహాలు పోశాడు. అందులో ఒక చెకుముకిరాతి గుండు వేసి మూతి బిగించాడు. దాన్ని వేడి చేస్తూ అటూ ఇటూ వంచుతూ చెవి పెట్టి విన్నాడు. ద్రవం ఉన్నంతసేపూ గుండు దొర్లుతుంటే ద్రవం చిమ్మిన చప్పుడు వినిపించింది. ఒక వేడి దాటాక ఆ చప్పుడు ఆగిపోయింది. లోపల ద్రవానికీ ఆవిరికీ మధ్య మట్టమనేదే లేకుండా పోయింది. ఆయన చెవితో పట్టుకున్నది మీరు చేత్తో పట్టుకున్నారు. మీ షాపులో ఈ సంగతి ఎవరూ చెప్పలేదని నాకు కాస్త బాధగానే ఉంది.

ఇక మీ సిలిండర్ లెక్క చూద్దాం. సాధారణంగా లీటరు చోటుకు సుమారు మూడింట రెండు వంతుల కిలో చొప్పున నింపుతారు కదా. 4.5 కిలోల సిలిండర్ లోపలి చోటు దాదాపు ఆరుముప్పావు లీటర్లన్నమాట. జనవరి పొద్దున 20 డిగ్రీలు ఉందనుకోండి. ఆ వేడిలో కార్బన్ డయాక్సైడ్ ద్రవం లీటరు 770 గ్రాముల చిల్లర, దాని పైన ఉండే ఆవిరి లీటరు 190 గ్రాముల చిల్లర తూగుతాయి. లెక్క కడితే ద్రవం సిలిండర్‌లో అయిదింట నాలుగు వంతులు ఆక్రమిస్తుంది, మిగతా వంతులో ఆవిరి ఉంటుంది. పైన ఆ ఖాళీ ఉంది కాబట్టే ఊపితే కదలిక తెలుస్తుంది. పొయ్యి మీది పాలు పొంగే ముందు పైకి ఉబ్బినట్టు ఈ ద్రవమూ వేడికి ఉబ్బుతుంది, అది కూడా మామూలు ద్రవాల కంటే చాలా ఎక్కువగా. 27, 28 డిగ్రీలు వచ్చేసరికి ఆవిరి చోటంతా మింగేసి సిలిండర్ నిండా తనే ఉంటుంది. నిండు బిందెను ఊపితే చప్పుడేం వస్తుంది?

అంటే మీ ఓనరుగారు చెప్పింది నిండు సిలిండర్ విషయంలో తలకిందులు. అక్కడ ద్రవం గ్యాస్ కాలేదు, గ్యాస్ ఉండాల్సిన చోటులోకి ద్రవమే వచ్చేసింది. సగం వాడేసిన సిలిండర్ విషయంలో మాత్రం ఆయన మాటే నిజం. అందులో లీటరుకు 333 గ్రాములే ఉంటుంది కాబట్టి వేడెక్కే కొద్దీ మట్టం కిందికి దిగి ఆవిరైపోతుంది. ఈ రెండింటికీ మధ్య, సరిగ్గా లీటరుకు 468 గ్రాములు ఉండేలా నింపితే మట్టం పైకీ పోదు, కిందికీ పోదు. 31 డిగ్రీల దగ్గర ఉన్నచోటే మసకబారి మాయమైపోతుంది. 31 డిగ్రీలు, 73 వాతావరణాల పీడనం, ఇదీ కార్బన్ డయాక్సైడ్ సందిగ్ధ బిందువు (క్రిటికల్ పాయింట్), అంటే ద్రవానికీ ఆవిరికీ తేడా చెరిగిపోయే చోటు. బెల్‌ఫాస్ట్‌లో థామస్ ఆండ్రూస్ గాజు గొట్టాల్లో దీన్ని ఓపిగ్గా కొలిచి 1869లో ప్రకటించాడు.

ఆ 31 దాటాక లోపల ఉన్నది ద్రవమా, గ్యాసా అని మీరు మళ్లీ అడుగుతారని తెలుసు. ఆ రెండు పేర్లకూ అక్కడ పనిలేదు. మట్టం ఉన్నంతవరకే ఇది ద్రవం, అది ఆవిరి అని వేలు పెట్టి చూపించగలం. మట్టం పోయాక మిగిలేది ఒక్కటే పదార్థం, లీటరుకు 667 గ్రాములు. తలుపు మూసిన గదిలో మనుషులు అంతే ఉన్నట్టు, సిలిండర్‌లో అణువులూ అన్నే, చోటూ అంతే. ఒక్కో అణువు చుట్టూ ఉండే అణువుల గుంపు కూడా పెద్దగా మారదు. ఆ సంగతి కింద ఎమ్మెస్సీ అమ్మాయికి రాసిన జవాబులో ఉంది, ఓపికుంటే చదవండి.

పనికొచ్చే మాట ఒకటి. ద్రవం నిండిపోయాక వేడి ఒక్కో డిగ్రీ పెరిగే కొద్దీ పీడనం జోరుగా ఎక్కుతుంది. 20 డిగ్రీల దగ్గర 57 బార్ (ఒక బార్ అంటే ఇంచుమించు ఒక వాతావరణ పీడనం) ఉన్నది, 45 దగ్గర 120 బార్ చేరుతుంది. నింపాల్సిన తూకం కంటే ఇంకో అరకిలో ఎక్కువ కొడదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆటో వెనక ఎండలో సిలిండర్లు పేర్చి తిప్పే అలవాటు కూడా మానాలి.

ప్రశ్న: వరంగల్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను మేడమ్. ద్రవాల చాప్టర్‌లో రేడియల్ డిస్ట్రిబ్యూషన్ ఫంక్షన్ గ్రాఫులు రెండున్నాయి. ఒకదాంట్లో వేడి పెంచితే శిఖరం తగ్గింది. రెండోదాంట్లో సాంద్రత పెంచితే శిఖరం పెరిగింది. రెండూ ఒకటే కదా? సెమిస్టర్ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. ఏది గుర్తుపెట్టుకోవాలి?

జవాబు: ముందు ఒక క్యారమ్ బోర్డు సంపాదించు తల్లీ. హాస్టల్లో ఉంటుంది.

ఆట మొదలుపెట్టేటప్పుడు కాయిన్లు ఎలా పేరుస్తాం? నడుమ రెడ్, దాన్ని ఆనుకుని ఆరు, వాటి చుట్టూ పన్నెండు, మొత్తం పంతొమ్మిది. ఇది స్ఫటికం. స్కేలు పెట్టి రెడ్ నడిమి నుంచి మిగతా కాయిన్ల నడిమికి దూరాలు కొలువు. మొదటి ఆరూ ఒక కాయిన్ వెడల్పు దూరంలో, అంటే 3.1 సెంటీమీటర్ల దగ్గర ఉంటాయి. తర్వాతి పన్నెండూ ఒకే దూరంలో ఉండవు. ఆరు 5.4 దగ్గర, ఆరు 6.2 దగ్గర వస్తాయి.

ఇప్పుడు పౌడర్ చల్లి వాటిని చెదరగొట్టి, రెండు అరచేతులతో మళ్లీ మధ్యకు తొయ్యి. పేర్చవద్దు, ఊరికే గుంపు చెయ్యి. మా అపార్ట్‌మెంట్ కింద వాచ్‌మన్ గది పక్కనున్న బోర్డు మీద నేను చేసి చూశాను, పిల్లలు వింతగా చూస్తుంటే. రెడ్‌ని ఆనుకుని అయిదు వచ్చాయి. ఆరోది కాస్త పక్కకు జరిగింది. ఇక తర్వాతి వరస దూరాలు 5 నుంచి 7 దాకా కలగాపులగం. 5.4, 6.2 అనే రెండు మెట్లు కలిసిపోయి ఒక దిబ్బ అయ్యాయి. ఆ బయట వరస అనేదే లేదు. చాలాసార్లు ఇలా గుంపు చేసి, కొలిచిన దూరాల పక్కన ఎన్నెన్ని కాయిన్లు వచ్చాయో గీతగా గీస్తే అదే నీ గ్రాఫ్. ఒక పరమాణువు మీద కూర్చుని, ఇంత దూరంలో సగటు కంటే ఎన్ని రెట్లు ఎక్కువమంది ఉన్నారని అడగడం తప్ప ఆ ఫంక్షన్‌లో ఇంకేం లేదు.

ఆర్గాన్ వాయువును బాగా చల్లబరిస్తే వచ్చే ద్రవ ఆర్గాన్‌కి ఆ గీత ఎలా ఉంటుందో చూడు. దాదాపు మూడు ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లవ వంతు) లోపల సున్నా, ఎందుకంటే ఒకరి ఒళ్లోకి ఒకరు చొరబడలేరు. 3.7 దగ్గర నిటారుగా శిఖరం, గడ్డకట్టే వేడికి దగ్గర్లో దాని ఎత్తు ఇంచుమించు మూడు. ఆ వెనక ఒక పల్లం, 7 దగ్గర చిన్న దిబ్బ, 10.4 దగ్గర ఇంకా చిన్నది, ఆ తర్వాత ఒకటి దగ్గర చదును. దగ్గర్లో క్రమం, దూరాన గందరగోళం.

ఇక్కడ నాదొక తప్పు ఒప్పుకోవాలి. ఘన, ద్రవ, వాయువుల బొమ్మలు మూడు స్కూలు పుస్తకాల్లో వేస్తారు చూడు, మధ్య బొమ్మలో చుక్కలు విడివిడిగా, ఘనానికీ వాయువుకీ సగం దారిలో ఉన్నట్టు ఉంటాయి. నేనూ ఏళ్ల తరబడి బోర్డు మీద అదే గీశాను. ఒకసారి పేపర్లు దిద్దుతుంటే, ఒక కుర్రాడు ద్రవం బొమ్మలో చుక్కలన్నీ ఒకదాన్నొకటి తాకేలా గీశాడు. నేను అర మార్కు కోశాను. వాడు గీసిందే నిజం. ఆర్గాన్ గడ్డ కరిగి ద్రవమైనప్పుడు సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.62 గ్రాముల నుంచి 1.42కి మాత్రమే తగ్గుతుంది. అదే ద్రవం మరిగి ఆవిరైతే రెండు వందల రెట్లకు పైగా పలచబడుతుంది. ద్రవం ఘనానికి పక్కింటి చుట్టం, వాయువుకి ఊరవతల చుట్టం. ఆ అర మార్కు ఇప్పటికీ గుర్తొస్తుంది.

సరే, నీ ప్రశ్న. వేడా, సాంద్రతా? రెండూ ఒకటి కావు, పైగా ఎక్కడ ఏది చెల్లుబాటవుతుందో వేరు.

పలచటి ఆర్గాన్ వాయువు తీసుకో. అక్కడ ఒకే ఒక్క దిబ్బ ఉంటుంది, 3.8 దగ్గర. అది ఆకర్షణ వల్ల వచ్చింది. దారిన పోయే రెండు పరమాణువులు ఎదురుపడితే కాసేపు నిలబడి మాట్లాడుకున్నట్టు. మైనస్ 153 డిగ్రీల దగ్గర ఆ దిబ్బ ఎత్తు సుమారు 2.7, గది వేడి దగ్గర 1.5. అంటే ఇక్కడ పెత్తనమంతా వేడిదే.

దట్టమైన ద్రవంలోకి రా. అక్కడ ఆకర్షణ పెద్ద లెక్కలోకి రాదు. బస్సులో కిక్కిరిసి నిలబడ్డప్పుడు పక్కవాడు నచ్చినా నచ్చకపోయినా అతుక్కునే ఉంటాం కదా. శిఖరాలు రావడానికి చోటు చాలకపోవడమే కారణం. బెర్ని ఆల్డర్, థామస్ వెయిన్‌రైట్ 1957లో కంప్యూటర్‌లో గట్టి గోళీల్లాంటి కణాలు పెట్టి చూశారు. వాటి మధ్య ఆకర్షణ పేరుకైనా లేదు. అయినా సాంద్రత పెంచే కొద్దీ ద్రవంలాగే శిఖరాలు లేచాయి. గోళాలు చోటులో 49 శాతం దాటి నింపేసరికి గడ్డకట్టడం కూడా మొదలైంది. అలాంటి కణాల అమరికలో ఉష్ణోగ్రతకు అసలు పాత్రే లేదు, వేగం మారుతుందంతే.

బియ్యం కొట్లో కుంచం కొలిచేవాడు నేలకు రెండుసార్లు తడితే గింజలు కిందికి సర్దుకుంటాయే, అది గోళీలతో చేస్తే వదులుగా పోసినప్పుడు 60 శాతం నిండుతాయి, తట్టాక 64. ఎంత తట్టినా ఇంచుమించు అక్కడే ఆగుతుంది. చేత్తో బత్తాయి పళ్లు పేర్చినట్టు పేరిస్తేనే 74. లండన్‌లో జె. డి. బెర్నాల్ 1960 ప్రాంతంలో ఇలాగే గుండ్లు పోసి ద్రవం ఎలా ఉంటుందో చేత్తో తెలుసుకున్నాడు. ఈ సబ్జెక్టులో నాకు బాగా నచ్చిన మనిషి ఆయనే. గోళీల డబ్బాతో సైన్సు చెయ్యాలంటే గుండె ధైర్యం కావాలి.

ఇప్పుడు నీ పుస్తకంలోని గ్రాఫుల కింద సన్న అక్షరాలు చదువు. మొదటి గ్రాఫులో వేడి పెంచినప్పుడు సాంద్రతను స్థిరంగా ఉంచారా, పీడనాన్ని స్థిరంగా ఉంచారా? పీడనమైతే వేడితో పాటు ద్రవం ఉబ్బింది, సాంద్రతా తగ్గింది. శిఖరం తగ్గిన తప్పంతా వేడి మీదికి నెట్టేశారు. సాంద్రతను కట్టేసి వేడి ఒక్కటే పెంచితే శిఖరం కాస్త మొద్దుబారి, కాస్త పక్కలకు పరుచుకుంటుంది, అంతే. దిబ్బలు ఉన్నచోటే ఉంటాయి. నా మాట అడిగితే పరీక్షలో ముందు ఈ తేడా రాసి, ఆ తర్వాత గ్రాఫు గియ్యి.

ద్రవ ఆర్గాన్‌ని ఆవిరితో కలిపి మైనస్ 189 నుంచి దాని సందిగ్ధ బిందువు మైనస్ 122.5 దాకా వేడి చేస్తూ పోతే ఏమవుతుందో ఊహించు. సాంద్రత 1.42 నుంచి 0.535కి పడిపోతుంది. అందరూ సమానంగా దూరం జరుగుతారని మనకు అనిపిస్తుంది. అలా జరగదు. మొదటి పొరుగువాడి దూరం ఇంచుమించు అలాగే ఉంటుంది. పన్నెండు మంది దాకా ఉన్న పొరుగువాళ్లు మాత్రం నలుగురైదుగురికి వస్తారు. ఇళ్లు అక్కడే ఉన్నాయి, మనుషులు ఖాళీ చేసి పోయారు.

సందిగ్ధ బిందువు దగ్గర ఇంకో వింత ఉంది. పక్కింటి లెక్క మామూలుగానే ఉంటుంది గానీ దూరం లెక్క పాడవుతుంది. ఒకచోట దట్టంగా, ఒకచోట పలచగా పెద్దపెద్ద గుంపులు కట్టి విడిపోతుంటాయి. ఆ గుంపుల సైజు కాంతి తరంగం అంత అయ్యేసరికి తేటగా ఉన్న ద్రవం పాలలా తెల్లబడుతుంది. 1908లో స్మొలుకోవ్‌స్కీ, 1910లో ఐన్‌స్టీన్ దీనికి లెక్కకట్టారు. గ్రాఫులో అయితే ఇది కళ్లకు కనపడే శిఖరం కాదు, ఒకటి దగ్గరకు వచ్చి చదునవ్వాల్సిన తోక, చదునవ్వకుండా సాగుతూ పోవడం.

చివరగా, నువ్వు తెలంగాణ పిల్లవి కాబట్టి చెబుతున్నా. 3.7, 7.0, 10.4 అని పైన రాశానే, ఆ అంకెలు కంప్యూటర్ మీద రాబట్టినవాడు హైదరాబాదువాడు. అనీసుర్ రహమాన్, 1927లో పుట్టాడు. ఉస్మానియాలో పాఠాలు చెప్పాడు, తర్వాత అమెరికాలోని ఆర్గాన్ నేషనల్ లాబొరేటరీకి వెళ్లాడు. ల్యాబు పేరూ ఆర్గానే, పని చేసిందీ ఆర్గాన్ మీదే. తెలుగులో రాస్తే రెండూ ఒకటే అయిపోతాయి గానీ ఇంగ్లిష్‌లో స్పెల్లింగు వేరు, చుట్టరికం లేదు. 1964లో 864 ఆర్గాన్ పరమాణువులను, మైనస్ 179 డిగ్రీల దగ్గర, ఒక ఊహా డబ్బాలో పెట్టి, సెకనును నూరు లక్షల కోట్ల ముక్కలు చేసి ఒక్కో ముక్కకూ ప్రతి పరమాణువు ఎటు కదులుతుందో లెక్క వేయించాడు. డబ్బా వెడల్పు 35 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపే. అంత చిన్న డబ్బాతో వచ్చిన గీత, ప్రయోగాల్లో వచ్చిన గీతతో సరిపోయింది. మందుల కంపెనీల్లో, బ్యాటరీల ల్యాబుల్లో ఈరోజు నడిచే, ఇలా అణువుల కదలికను కంప్యూటర్‌లో లెక్కకట్టే మాలిక్యులర్ డైనమిక్స్ లెక్కల్లో చాలావాటికి మూలం అక్కడుంది. అమెరికన్ ఫిజికల్ సొసైటీ కంప్యుటేషనల్ ఫిజిక్స్‌కిచ్చే బహుమతి ఆయన పేరు మీదే ఉంది. ఉస్మానియా మీదుగా రోజూ బస్సులో వెళ్లే పిల్లల్లో ఎంతమందికి ఈ పేరు తెలుసో అడిగి చూడు.

ప్రశ్న: నేను శ్రీకాకుళం జిల్లాలో హైస్కూలు టీచర్‌ని. నీళ్లు 4 డిగ్రీల దగ్గర అత్యధిక సాంద్రతతో ఉంటాయని చెబుతాం. ఆర్గాన్‌కి అలా ఎందుకుండదు?

జవాబు: ఆర్గాన్‌కి దిక్కుల పట్టింపు లేదు మాస్టారూ. ఎటునుంచి ఎవరొచ్చినా చోటిస్తుంది, అందుకే పన్నెండు మంది దాకా చేరతారు. నీటి అణువు అలా కాదు. హైడ్రోజన్ బంధాలతో నలుగురినే, అదీ నాలుగు మూలల్లోనే పట్టుకుంటుంది. అందుకే మంచు లోపల డొల్లగా ఉంటుంది, ఘన సెంటీమీటరుకు 0.917 గ్రాములే. కరిగేటప్పుడు ఆ డొల్లల్లోకి కొందరు అణువులు జారి పొరుగువాళ్లు నలుగురి కంటే కాస్త ఎక్కువవుతారు, అందుకే సాంద్రత పెరుగుతుంది. 4 డిగ్రీలు దాటాక మామూలుగా వేడికి ఉబ్బడం గెలుస్తుంది. గ్రాఫులో కూడా తేడా తెలుస్తుంది. నీళ్లలో మొదటి శిఖరం 2.8 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర, రెండోది 4.5 దగ్గర. గోళీల్లా పేరుకుని ఉంటే రెండోది 5 దాటాకే రావాలి. నీటిని కంప్యూటర్‌లోకి ఎక్కించినదీ రహమానే, ఫ్రాంక్ స్టిలింజర్‌తో కలిసి 1971లో, 216 అణువులతో.

ప్రశ్న: రాజమండ్రిలో వెల్డింగ్ షాపు ఉంది. ఆర్గాన్ సిలిండర్ మీటరు వాడే కొద్దీ దిగుతూ వస్తుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ మీటరు చాలాసేపు కదలదు, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. పని మధ్యలో రెండుసార్లు ఆగిపోవాల్సి వచ్చింది. మీటరు పాడైందా?

జవాబు: మీటరు బాగానే ఉంది. ఆర్గాన్ మైనస్ 122.5 డిగ్రీలకు పైన ఎంత నొక్కినా ద్రవం కాదు. మీ సిలిండర్లో 150 బార్ దగ్గర లీటరుకు పావు కిలో దాకా ఉన్నా మట్టం ఉండదు. వాడిన మేర పీడనం తగ్గుతుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లో 31 డిగ్రీల లోపు అడుగున ద్రవం ఉంటుంది. మీరు తీసుకున్న గ్యాసు చోటును అది వెంటనే ఆవిరై నింపేస్తుంది. అందాకా మీటరు చూపేది ఆ రోజు వేడినే గానీ మిగిలిన సరుకును కాదు. ద్రవం చుక్క మిగలనప్పుడే ముల్లు దిగడం మొదలవుతుంది. వంటగ్యాసు బండా ఇంతే, అందుకే దాన్ని ఎత్తి చూస్తాం. షాపులో ఒక కాటా పెట్టుకోండి. ఖాళీ సిలిండర్ బరువు దాని మెడ దగ్గర ముద్ర కొట్టి ఉంటుంది, మొత్తం తూకంలోంచి అది తీసేస్తే మిగిలిన గ్యాసు ఎంతో తెలిసిపోతుంది.